అన్నా మే వాంగ్: చిత్రప్రదర్శనకు ముందు చేసిన ప్రసంగం

సభకు నమస్కారం. ఈ సాయంత్రం మనం చూడబోయే సినిమా 1922 నవంబరులో విడుదలైంది. పేరు ‘ది టోల్ ఆఫ్ ది సీ’. గంటలోపే ముగిసిపోయే మూకీ చిత్రం. మూకీయే అయినా రంగుల్లో ఉంటుంది. ఆ రంగుల సంగతి కాసేపట్లో చెబుతాను. అందులో కథానాయికగా నటించిన అమ్మాయికి అప్పటికి పదిహేడేళ్లు. ఆమె పేరు అన్నా మే వాంగ్. బొమ్మ వేసేముందు ఆమె గురించి నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు అడిగారు. నాలుగు మాటల్లో ఒదిగే జీవితం కాదు ఆమెది, కనుక కాస్త ఓపిక పట్టమని ముందుగానే కోరుతున్నాను.

1905 జనవరి 3న లాస్ ఏంజెలెస్ నగరంలో, చైనాటౌన్‌కు దగ్గరలోని ఫ్లవర్ స్ట్రీట్‌లో ఆమె పుట్టారు. ఇంట్లో పెట్టిన పేరు వాంగ్ ల్యూ సాంగ్. మంచు పట్టిన విల్లో చెట్టు అని ఆ పేరుకు అర్థం. తల్లి లీ గాన్ టాయ్. తండ్రి వాంగ్ సామ్ సింగ్ లాండ్రీ నడిపేవారు; ఉతికి ఇస్త్రీ చేసిన బట్టలను ఇంటింటికీ చేరవేసే పని పిల్లలది. ఆ తండ్రి కూడా కాలిఫోర్నియాలోనే పుట్టారు. అంటే ఏమిటి? ఈ అమ్మాయి అమెరికాలో పుట్టింది, ఈ అమ్మాయి తండ్రి కూడా అమెరికాలోనే పుట్టారు. ఈ ఒక్క సంగతిని దయచేసి మనసులో ఉంచుకోండి. నేను మళ్లీ మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

బడిలో జరిగిన ఒక సంఘటనను ఆమె పెద్దయ్యాక స్వయంగా చెప్పుకున్నారు. వెనక బెంచీలో కూర్చున్న ఒక పిల్లవాడు ఆమెను గుండుసూదితో పొడిచేవాడట. చైనావాళ్లకు కూడా అందరిలాగే నొప్పి తెలుస్తుందా, తెలియదా అని పరీక్ష! ఆ పిల్ల ఏం చేసింది? మర్నాడు మందపాటి కోటు తొడుక్కుని బడికి వెళ్లింది. చివరికి తల్లిదండ్రులు ఆమెను చైనా పిల్లల కోసం మిషనరీలు నడిపే బడికి మార్చారు. ఈ కోటును కూడా గుర్తుంచుకోండి.

ఆ రోజుల్లో సినిమా కంపెనీలు న్యూయార్క్ ప్రాంతం వదిలి కాలిఫోర్నియాకు తరలివస్తున్నాయి. కథలో చైనా వీధి కావాలంటే చైనాటౌన్‌కు కెమెరాలు తెచ్చుకుని అక్కడే చిత్రీకరించేవారు. బట్టల మూట దించి ఆ పిల్ల అక్కడే నిలబడి చూసేది. బడి ఎగ్గొట్టి, తిండికిచ్చిన డబ్బులతో టిక్కెట్టు కొనుక్కుని సినిమాలు చూసేది. షూటింగు జరిగిన ప్రతిచోటా కనిపించి ప్రశ్నలు అడుగుతుండటంతో, ‘కుతూహలం ఎక్కువైన చైనా పిల్ల’ అని యూనిట్లవాళ్లు ఆమెకు పేరు పెట్టారు. 1919లో ‘ది రెడ్ లాంటర్న్’ అనే సినిమాకు చాలామంది చైనా ఆడపిల్లలు కావలసివచ్చినప్పుడు, లాంతరు పట్టుకుని నడిచే గుంపులో ఒకతెగా ఆమె మొదటిసారి కెమెరా ముందుకు వచ్చారు. ఆ గుంపులో ఆమె ముఖం ఏదో పోల్చుకోవడం కూడా కష్టం. మూడేళ్లు తిరిగేసరికి ఈ సినిమాలో ఆమే కథానాయిక.

ఇక రంగుల సంగతి. టెక్నికలర్ సంస్థ అంతకుముందు తీసిన చిత్రాన్ని ప్రదర్శించడానికి ప్రత్యేకమైన ప్రొజెక్టరు కావలసివచ్చేది. హాళ్లవాళ్లు దాని జోలికి పోలేదు. మామూలు ప్రొజెక్టరు మీదనే ఆడేలా వాళ్లు కొత్త పద్ధతి కనిపెట్టారు. కెమెరా లోపలి పట్టకం వెలుతురును రెండుగా చీలుస్తుంది. ఒక బొమ్మ ఎరుపు వైపు, ఇంకొకటి ఆకుపచ్చ వైపు నమోదవుతాయి. వాటి నుంచి రెండు పలుచని ప్రింట్లు తీసి, వేరువేరు రంగులద్ది, వీపుకు వీపు కలిపి అతికించేవారు. ప్రొజెక్టరు వేడికి ఆ అతుకు వంకరలు పోయేది, బొమ్మ మసకబారేది. ఎరుపు, ఆకుపచ్చ తప్ప మూడో రంగు లేదు కనుక అసలైన నీలం రాదు. ఆకాశాన్నీ సముద్రాన్నీ మీరు చూసినప్పుడు ఈ మాట గుర్తుకు తెచ్చుకోండి. టెక్నికలర్‌వారు తమ కొత్త పద్ధతిని లోకానికి చూపడానికి తీసిన చిత్రం ఇది. అంతటి పరీక్షలో కెమెరా ముందు నిలబెట్టింది ఒక లాండ్రీ యజమాని కూతురిని.

కథ మీకు తెలిసిన కథే. ‘మేడమ్ బటర్‌ఫ్లై’ అనే ప్రసిద్ధ సంగీతనాటకం కథను జపాన్ నుంచి చైనాకు మార్చి ఫ్రాన్సిస్ మేరియన్ రాశారు, దర్శకుడు చెస్టర్ ఫ్రాంక్లిన్. సముద్రంలో కొట్టుకువచ్చిన అమెరికన్‌ను లోటస్ ఫ్లవర్ అనే అమ్మాయి కాపాడుతుంది, అతన్ని పెళ్లాడుతుంది. అతను వెళ్లిపోతాడు, కొన్నేళ్లకు అమెరికన్ భార్యతో తిరిగివస్తాడు. ఆమె తన కొడుకును వాళ్ల చేతుల్లో పెట్టి సముద్రంలోకి నడిచిపోతుంది. ఇంతే కథ. ఈ కథలో ఆ అమ్మాయికి చావు తప్ప వేరే దారి రచయిత్రి ఇవ్వలేదు. గమనించండి, తర్వాత కూడా ఇంచుమించు ప్రతి సినిమాలోనూ వాంగ్ చనిపోతారు. కత్తిపోటుతోనో, తుపాకి గుండుతోనో, తన చేతులతోనో. తన సమాధి మీద ‘వేయిసార్లు చనిపోయింది’ అని రాయాలని ఆమె ఒకసారి అన్నారు.

ఎందుకు చంపేవారు? తెల్ల కథానాయకుడు ఆమెను ప్రేమించవచ్చు, కానీ సినిమా ముగిసేసరికి ఆమెతో ఉండకూడదు. ఉండకూడదు కనుక ఆమె కథలోంచి తొలగిపోవాలి. తెర మీది ఈ నియమం వెనుక తెర బయటి చట్టం ఉంది. తెల్లవారు, చైనా జాతివారు పెళ్లి చేసుకోవడాన్ని కాలిఫోర్నియా చట్టం నిషేధించింది. అక్కడి సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది 1948లో. అప్పటికి వాంగ్‌కు నలభై మూడేళ్లు. పోనీ, చైనా నుంచి వచ్చిన వ్యక్తినే పెళ్లాడితే? అమెరికా పౌరసత్వం పొందే అర్హత లేని విదేశీయుణ్ణి పెళ్లి చేసుకున్న అమెరికన్ స్త్రీ తన పౌరసత్వాన్ని కోల్పోతుందని 1922 నాటి కేబుల్ చట్టం చెప్పింది. 1931 వరకు ఆ నిబంధన తొలగలేదు. ఇటు వెళ్తే పెళ్లి చెల్లదు, అటు వెళ్తే పుట్టిన దేశం చెల్లదు. ఆమె జీవితాంతం పెళ్లి చేసుకోలేదు. దానికి ఇదొక్కటే కారణమని నేను అనను. మనిషి మనసులోకి తొంగిచూసే హక్కు నాకు లేదు. కానీ ఆమె చుట్టూ గోడలు ఎంత ఎత్తున ఉన్నాయో మనం తెలుసుకోవాలి కదా?

ఇక్కడ ఒక్క నిమిషం పక్కకు వెళ్తాను. ఈ సభలో ఉన్న చాలామందికి పిల్లలు అమెరికాలో ఉన్నారు. ఆ చట్టాల నీడ మన వాళ్ల మీద కూడా పడింది. చైనావారిని 1882 నుంచి 1943 వరకు బహిష్కరణ చట్టం ఆపితే, 1917లో వచ్చిన చట్టం భారతదేశం నుంచి వలసలను ఆపింది. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు తెల్లవారు కారు కనుక పౌరసత్వానికి అర్హులు కారని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 1946లో గానీ ఆ తలుపు కొంచెమైనా తెరుచుకోలేదు. అందుకే వాంగ్ కథను పరాయి కథగా వినలేను.

సరే, సినిమాల దగ్గరికి వద్దాం. 1924లో డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ తీసిన ‘ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్’లో ఆమె కుట్రలు పన్నే దాసి. చిన్న వేషం, కానీ దేశమంతా ఆమె ముఖాన్ని గుర్తుపట్టింది. ఆ తర్వాత నాలుగేళ్లూ అలాంటి వేషాలే: దాసి, నర్తకి, గూఢచారిణి. కథానాయిక చైనా అమ్మాయి అయితే ఆ పాత్రకు తెల్ల నటిని తీసుకుని ముఖానికి రంగు పూసేవారు. వాంగ్ ఆమె పక్కన చెలికత్తె. విసిగిపోయి 1928లో ఐరోపాకు వెళ్లిపోయారు.

వెళ్లడం కూడా అంత తేలిక కాదు. ఆమె అమెరికాలో పుట్టారని మొదట్లోనే చెప్పాను. అయినా దేశం దాటాలంటే, తిరిగి అడుగుపెట్టనివ్వాలంటే, చైనా జాతికి చెందిన పౌరులు ముందుగా దరఖాస్తు పెట్టుకుని, ఫొటో అంటించి, తాము నిజంగా ఇక్కడే పుట్టామని అధికారుల ఎదుట రుజువు చేసుకోవాలి. పోస్టర్ల మీద ముఖం ఉన్న నటి కూడా ప్రతి ప్రయాణానికీ ఆ కాగితం నింపవలసిందే.

జర్మనీలో దర్శకుడు రిచర్డ్ ఐష్‌బెర్గ్ ఆమెను కథానాయికగా పెట్టి చిత్రాలు తీశారు. ఆమె జర్మన్ నేర్చుకున్నారు. వియన్నా రంగస్థలం మీద ఆ భాషలోనే పాడి నటించారు. లండన్‌లో ‘ది సర్కిల్ ఆఫ్ చాక్’ అనే నాటకంలో లారెన్స్ ఒలివియర్ సరసన నటించినప్పుడు ఆమె అమెరికన్ యాసను విమర్శకులు తప్పుపట్టారు. వాళ్లు ఊహించుకున్న చైనా యువతి నోటి వెంట కాలిఫోర్నియా యాస వినిపించడం వాళ్లకు మింగుడుపడలేదు. ఆమె గురువును పెట్టుకుని బ్రిటిష్ ఉచ్చారణ నేర్చుకున్నారు. ఆ తర్వాత వచ్చిన టాకీల్లో వినిపించే ఆ నిదానమైన, లోతైన గొంతు అలా సాధించుకున్నదే.

1929లో వచ్చిన ‘పికడిలీ’ని తప్పకుండా చూడండి. లండన్ నైట్‌క్లబ్బు వంటింట్లో అంట్లు తోమే షోషో అనే అమ్మాయి, పని వదిలేసి బల్లెక్కి నాట్యం చేస్తూ యజమాని కంట పడుతుంది. చిరిగిన మేజోళ్లతో, తనలో తాను ఉన్నట్టు, ఎవరి కోసమూ కానట్టు ఆమె నడుము కదిలించే తీరు చూడండి. ఆ సినిమా నటీనటుల్లో మొదట వేసిన పేరు గిల్డా గ్రేది. చూసినవాళ్లకు గుర్తుండేది వాంగ్. అందులో పబ్బు దృశ్యం ఒకటుంది. నల్లజాతి యువకుడితో నాట్యం చేసిన తెల్ల యువతిని అక్కడివాళ్లు గెంటేస్తారు. షోషో, ఆమె తెల్ల యజమాని ఒక మూల నుంచి చూస్తుంటారు. షోషో ఒక్క మాట కూడా అనదు. అతని వైపు చూస్తుంది, అంతే. ఆ చిత్రంలో తెల్ల కథానాయకుడు ఆమెను ముద్దుపెట్టుకోవడం తెర మీద కనిపించదు. చివరికి ఏమవుతుందో మీరు ఊహించగలరు. అవును, చంపేస్తారు.

1930లో ఆమె అమెరికాకు తిరిగివచ్చారు. ఆ ఏడాదే తల్లి కారు ప్రమాదంలో చనిపోయారు. మరుసటి ఏడాది ‘డాటర్ ఆఫ్ ది డ్రాగన్’లో వాంగ్ కథానాయిక, జపాన్‌కు చెందిన సెస్యూ హయకావా నాయకుడు. కథలో ఆమె తండ్రి, ఫూ మాంచూ అనే చైనా ప్రతినాయకుడి వేషం స్వీడన్‌లో పుట్టిన వార్నర్ ఓలాండ్‌ది. ఆ వేషం సినిమా మొదటి భాగంలోనే చనిపోతుంది. పారితోషికాలు వినండి. ఓలాండ్‌కు 12,000 డాలర్లు, హయకావాకు 10,000, పోస్టరు మీద పెద్దక్షరాల్లో పేరున్న వాంగ్‌కు 6,000. సినిమా పొడవునా ఉన్న కథానాయికకు, మొదట్లోనే చనిపోయే వేషగాడిలో సగం.

1932లో ‘షాంఘై ఎక్స్‌ప్రెస్’. మన మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ విడుదలైన సంవత్సరం అదే. దర్శకుడు జోసెఫ్ వాన్ స్టెర్న్‌బర్గ్, కథానాయిక మార్లీన్ డీట్రిచ్. వాంగ్ పాత్ర పేరు హుయ్ ఫేయ్. రైలు పెట్టెలో డీట్రిచ్ గ్రామఫోను పెట్టుకుని ఉంటారు, వాంగ్ ఒంటరిగా పేకముక్కలు పేర్చుకుంటూ ఉంటారు. పరువైన అతిథిగృహం నడుపుతున్నానని చెప్పుకునే ఒక పెద్దావిడ వచ్చి కార్డులిచ్చి ఇద్దరినీ పరిచయం చేసుకోబోతుంది. వాంగ్ తల పెద్దగా ఎత్తరు. పరువంటే మీ లెక్క ఏమిటో నాకు సరిగా తెలియదని ఒకే ఒక్క వాక్యం, అదే నెమ్మదైన గొంతుతో, చేతిలో ముక్కలు కదులుతుండగానే అంటారు. పెద్దావిడ వెళ్లిపోతుంది. నేను ఈ దృశ్యాన్ని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. డీట్రిచ్ కోసం ఆ సినిమాలో ఎన్ని దుస్తులు, ఎన్ని ఈకలు, ఎన్ని మేలిముసుగులు, ఎంత వెలుతురు! వాంగ్‌కు ఉన్నది ముదురురంగు బట్టలు, పేకముక్కలు, ముఖం. అయినా ఇద్దరూ ఒకే ఫ్రేములో ఉన్నప్పుడు నా చూపు ఆమె వైపే పోతుంది. ఎందుకని? ఆమె కదలరు కాబట్టి. తక్కినవాళ్లంతా నటిస్తుంటే ఆమె ఆలోచిస్తున్నట్టు కనిపిస్తారు. ఆ మందపాటి కోటు గుర్తుంచుకోమన్నాను కదా? ఆ నిశ్చలత చూసినప్పుడల్లా నాకు అదే కోటు గుర్తుకొస్తుంది. ఈ పోలిక నాది. ఆమె ఎక్కడా అలా చెప్పలేదు.

ఇప్పుడు ఆమె జీవితంలో అన్నింటికంటే పెద్ద గాయం దగ్గరికి వస్తున్నాను. పెర్ల్ బక్ నవల ‘ది గుడ్ ఎర్త్’ 1931లో వచ్చింది. చైనా రైతు వాంగ్ లుంగ్, అతని భార్య ఓలాన్‌ల కథ. ఎమ్‌జీఎమ్ సంస్థ దాన్ని భారీగా తీయబోతోందని తెలిసినప్పుడు, ఓలాన్ వేషానికి వాంగ్ కంటే తగినవారు అమెరికాలో ఎవరున్నారు? ఆ వేషం కోసం ఆమె ఎంతో ఆశపడ్డారు. సంస్థ రైతు వేషానికి తెల్ల నటుడు పాల్ మ్యూనిని తీసుకుంది. చిక్కు అక్కడే వచ్చింది. హాలీవుడ్ కంపెనీలు 1930లో తమకు తాము ఒక నియమావళి రాసుకుని, 1934 నుంచి కఠినంగా అమలు చేశాయి. జాతుల మధ్య లైంగిక సంబంధం చూపకూడదని అందులో ఒక నిషేధం. ఆ నియమం మాటల్లో చెప్పింది తెల్లవారు, నల్లవారి గురించే. కానీ ఆచరణలో కంపెనీలు దాన్ని ఆసియావారికి కూడా చాచి వాడాయి. చైనావాడిగా వేషం వేసుకున్న తెల్ల నటుడి పక్కన నిజంగా చైనా వంశంలో పుట్టిన నటి భార్యగా కూర్చుంటే తప్పట! ఇద్దరూ వేషం వేసుకున్నవాళ్లయితే మాత్రం తప్పు లేదు. ఓలాన్ వేషం జర్మనీలో పుట్టిన లూయీజ్ రైనర్‌కు వెళ్లింది. దానికి ఆమెకు ఆస్కార్ కూడా వచ్చింది. రైనర్ మంచి నటి, అందులో నాకు సందేహం లేదు. నా బాధ ఆమె మీద కాదు.

వాంగ్‌ను అడిగింది లోటస్ అనే రెండో భార్య వేషానికి, అంటే సంసారంలో నిప్పుపెట్టే పాత్రకు. చైనా రక్తం ఉన్న నన్ను, చైనావారిగా అమెరికన్లు నటిస్తున్న సినిమాలో, ప్రేక్షకులు అసహ్యించుకునే ఆ ఒక్క వేషం వేయమంటున్నారా అని ఆమె నిరాకరించారు. అప్పటికి ఆమెకు ముప్ఫై ఏళ్లు. ఓలాన్‌గా ఆమె ఎలా ఉండేవారో మనం చూడలేకపోయాం; సినిమా చరిత్రలో నాకు తీరని వెలితి ఇదొకటి.

1936 జనవరిలో ఆమె చైనాకు బయలుదేరారు. జీవితంలో మొదటిసారి. ఆ ప్రయాణం గురించి ‘న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్’కు వ్యాసాలు రాశారు. అక్కడేం జరిగింది? షాంఘైలో విలేకరులు మాట్లాడే చైనా భాష ఆమెకు రాదు; ఆమెకు వచ్చింది దక్షిణాది భాష. తన రూపమే ఉన్న మనుషులతో దుబాసీ సాయంతో మాట్లాడవలసివచ్చింది. అవమానకరమైన వేషాలు ఎందుకు వేశావని వాళ్లు నిలదీశారు. అమెరికాలో ఆమె చైనా మనిషి, చైనాలో ఆమె అమెరికన్. తాను ఒప్పుకోకపోతే ఆ వేషాలు తనలాంటివారికి దక్కకుండానే పోయేవని ఆమె చెప్పుకోవలసివచ్చింది. తర్వాత పెకింగ్‌లో ఉండి మాండరిన్ నేర్చుకున్నారు, చైనా రంగస్థల కళను దగ్గరగా చూశారు, అప్పటికే చైనా వెళ్లిపోయిన తండ్రిని పూర్వీకుల ఊళ్లో కలుసుకున్నారు.

తిరిగివచ్చాక చేసిన వాటిలో 1937 నాటి ‘డాటర్ ఆఫ్ షాంఘై’ నాకు ఇష్టం. చిన్న బడ్జెట్టు చిత్రం. అందులో ఆమె తండ్రిని చంపినవాళ్లను వెంటాడే ధైర్యవంతురాలు. పక్కన ప్రభుత్వ గూఢచారిగా నటించింది కొరియా వంశానికి చెందిన, చిన్ననాటి నుంచి తెలిసిన ఫిలిప్ అన్. ఇద్దరూ బతుకుతారు! చివర్లో పెళ్లి మాట కూడా వస్తుంది. 2006లో ఆ చిత్రాన్ని అమెరికా జాతీయ చిత్రాల పట్టికలో చేర్చారు. యుద్ధకాలంలో రెండు చిన్న సినిమాలు చేసి, ఆ పారితోషికాన్ని చైనా సహాయనిధికి ఇచ్చేశారు. ఆపైన వేషాలు దాదాపు ఆగిపోయాయి.

1951లో డ్యూమాంట్ టెలివిజన్ సంస్థ ఆమె కోసం ఒక ధారావాహిక తీసింది. ఆసియా సంతతికి చెందిన నటి ప్రధానపాత్రగా అమెరికా టెలివిజన్‌లో వచ్చిన మొదటి ధారావాహిక అది. పాత్ర పేరు మేడమ్ ల్యూ సాంగ్, అంటే అమ్మానాన్నలు పెట్టిన తన సొంత పేరే. చిత్రశాల నడుపుతూ నేరాలను ఛేదించే స్త్రీ. నేరం చేసే స్త్రీ కాదు, గమనించండి, ఛేదించే స్త్రీ. పది భాగాలు ప్రసారమయ్యాయి. ఒక్కటి కూడా మిగల్లేదు.

1960లో హాలీవుడ్ కాలిబాట మీద ఆమె పేరుతో నక్షత్రం వేశారు. ‘ఫ్లవర్ డ్రమ్ సాంగ్’లో వేషం ఖరారైంది, చైనా అమెరికన్ కుటుంబం గురించి పెద్ద కంపెనీ తీయబోతున్న చిత్రం అది. కానీ 1961 ఫిబ్రవరి 3న శాంటా మోనికాలోని ఇంట్లో గుండెపోటుతో నిద్రలోనే పోయారు. వయసు యాభై ఆరు. తల్లి సమాధి దగ్గరే ఆమెకూ చోటిచ్చారు. 2022లో అమెరికా ప్రభుత్వం పాతిక సెంట్ల నాణెం మీద ఆమె ముఖం ముద్రించింది. అమెరికాలో పుట్టినట్టు ప్రతిసారీ రుజువు చేసుకోవలసివచ్చిన మనిషి ముఖం అది.

ఇక నేను ఆపాలి. బొమ్మ చూసేటప్పుడు ఒక్కటే కోరతాను. కొడుకును అప్పగించే చోట ఆమె కళ్లను చూడండి; ఆ కన్నీళ్లను, వాటిని ఆపుకునే ప్రయత్నాన్ని, రెండింటినీ చూడండి. పదిహేడేళ్ల పిల్ల చేసిన పని అది.

ముగింపు గురించి ఒక మాట ముందే చెప్పాలి, లేకపోతే మీరు తికమకపడతారు. ఆమె సముద్రంలోకి నడిచిపోయే ఆఖరి దృశ్యాలు ఉన్న ఫిల్ము మిగల్లేదు. 1985లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం భాండాగారంవారు ఈ చిత్రాన్ని పునరుద్ధరించినప్పుడు, ఆ ఖాళీ పూరించడానికి అలనాటి రెండు రంగుల టెక్నికలర్ కెమెరాను సముద్రతీరానికి తీసుకువెళ్లి, సూర్యాస్తమయ వేళ కెరటాలను చిత్రీకరించి చేర్చారు. ఆమె చావు ఇందులో లేదు. ఎరుపు, ఆకుపచ్చ కలిసిన వెలుతురులో సముద్రం కనిపిస్తుంది.

ఇక దీపాలు ఆర్పవచ్చు.